బ్రహ్మం ఒప్పుకోలు

ఇంకో గంటలో ఆపరేషన్‌కి తీసుకెళ్తామని చెప్పి డాక్టరు కరుణాకరం వెళ్లిపోయాడు. ఆ గంటలో అప్పుడే పది నిమిషాలు పోయాయి, నాగమల్లేశ్వరి ఇంకా మాట కూడదీసుకుంటూనే ఉంది. చెప్పాల్సింది పెద్ద మాటేం కాదు. మామా, నువ్వు తాగలేదు, నాకు తెలుసు. అంతే. గొర్రెను అదిలించినంత సేపు కూడా పట్టదు. ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడు బ్రహ్మాన్ని ఎన్ని మాటలు అనలేదు, ఎన్ని మాటలు పడలేదు, వాటిలో ఒక్కటీ ఇంత బరువుగా లేదు. వార్డులోకి ఇప్పుడు ఎవరినీ రానివ్వరట. పొట్ట మీద వెంట్రుకలు గీస్తున్నారు, ఆకుపచ్చ గౌను తొడుగుతున్నారు. లిఫ్టులోంచి బయటికి వచ్చాక ఆపరేషన్ గది తలుపు దాకా ఈ వరండా ఉంది, ఇరవై అడుగులుంటుందేమో. ఆ ఇరవై అడుగుల్లోనే చెప్పాలి. లోపలికి పోయాక మత్తు ఇస్తారు, ఆ మత్తులోంచి లేస్తాడో లేదో చెప్పలేమని డాక్టరు మొహం మీదే చెప్పాడు. లివరు ఇంతగా చెడిపోయినవాళ్లు పదిమందికి ఈ ఆపరేషన్ చేస్తే నలుగురు బయటపడటం గొప్పమ్మా, చెయ్యకపోతే ఆ నలుగురూ ఉండరు, అన్నాడు. ఆమె సంతకం పెట్టేసింది. ఆరక్షరాలూ కుదురుగా రాసింది.

పక్కన అత్త సుబ్బరత్నమ్మ కాళ్లు రెండూ బెంచీ మీదికి ముడుచుకుని, కొంగున కట్టి తెచ్చుకున్న పసుపును వేళ్లతో నలుపుతూ గంగమ్మను పిలుస్తోంది. తప్పు ఒప్పుకున్నాడు కదా తల్లీ, ఇంకా ఎందుకు కోపం, నా బిడ్డ పేగు వదిలిపెట్టు తల్లీ అని. డాక్టరు చెప్పింది ముసలామె చెవిన కూడా పడింది గానీ చెవిన పడటం వేరు, వినడం వేరు. ఆయన స్కానింగ్ బొమ్మను వెలుతురుకి పట్టుకుని చూపించాడు. పేగులు పొట్టంతా పరుచుకుని ఉండాలి కదమ్మా, ఇక్కడ చూడు, అన్నీ ఒకచోట ముద్దగా ఉన్నాయి, చుట్టూ తెల్లగా గీత ఉందే, అది పొర. లివరు జబ్బుకి పొట్టలో నీరు పడుతుంది, ఆ నీటిని సూదితో తీస్తాం, మళ్లీ పడుతుంది, మళ్లీ తీస్తాం. వేలమందికి తీస్తాం, ఏమీ కాదు. ఎక్కడో ఒక్కరికి మాత్రం లోపల వాపు తేలి ఇట్లా పొర కట్టుకుంటూ పోతుంది, పేగుల్ని మూటగట్టేస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను చూసింది ఇద్దరినే, ఇతను మూడోవాడు. ఆమె ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయింది. ఈనేటప్పుడు మాయపొర చినగక గొర్రెపిల్ల దాని లోపలే గింజుకుంటుంటే గోటితో చీల్చి, ముక్కులు తుడిచి, నోటితో గాలి ఊదిన మనిషి ఆమె. ఎన్ని పిల్లల్ని అట్లా బయటికి తీసిందో లెక్క లేదు. పొర అనేది చీల్చేదాకానే భయం అని ఆమెకి తెలుసు. కానీ ఇది లోపల ఉన్న పొర, పేగుకీ పొరకీ మధ్య కత్తి పట్టే సందు కూడా లేదంటున్నాడు. అప్పుడు ఆమె అడిగింది, ఇది తాగుడు వల్ల కాదా సార్ అని. డాక్టరు కళ్లజోడు తీసి ఆమెవైపు చూశాడు. లివరు పోయింది తాగుడు వల్లేనమ్మా, అది పాత సంగతి. ఈ పొర కట్టడానికి నెలలు పడుతుంది. నాలుగు రోజుల కింద తాగితే వచ్చే జబ్బు కాదు ఇది. అసలు తాగాడని ఎవరు చెప్పారు మీకు, అన్నాడు.

ఎవరు చెప్పారు? తనే చెప్పింది. నిన్న మధ్యాహ్నం ఈ ఒంగోలు ఆసుపత్రికి తీసుకురాగానే కింద చీటీ రాసే కుర్ర డాక్టరు అడిగితే, బ్రహ్మం మంచం మీద కళ్లు తెరుచుకుని ఉండగానే, నాలుగు రోజుల కింద సంతలో తాగొచ్చినాడు సార్ అని గట్టిగా చెప్పింది. నలుగురూ వినాలన్నంత గట్టిగా. పేషెంట్లు, వాళ్ల చుట్టాలు, సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డ ముసలాయన, అందరూ తల తిప్పి ఆయన్ని చూశారు, ఓహో ఇదా సంగతి అన్నట్టు. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె అనుకుంది, సిగ్గుపడ్డాడు, పడనీ, ఇన్నాళ్లకి సిగ్గన్నా వచ్చింది అని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆ సామెత చెప్పిన మహానుభావుడు, ఆ పాలు తాగినవాడి పెళ్లామే మొదట అంటుందని చెప్పలేదు.

అయినా తప్పంతా ఆమె ఒక్కదానిదే అంటే ఎట్లా? పద్దెనిమిదేళ్లు తాగాడు మనిషి. యర్రగొండపాలెం దాటాక అడవి అంచున ఉన్న ఆ పల్లెలో, గొర్రెలు కాసేవాళ్లలో తాగనివాడు ఎవడని అడిగితే వేళ్లు ముడవక్కర్లేదు. కానీ బ్రహ్మం తాగుడు వేరు. మంద వెంట పొద్దంతా నడిచి వచ్చి, పొద్దు వాలగానే తాగి, కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, పాటలు పాడేవాడు. పాడి పాడి మంద కాపలా మరిచిపోతే ఒకసారి తోడేలు మూడు పిల్లల్ని ఎత్తుకుపోయింది. మరి ఒట్లు? ఆ మనిషి ఒట్టు పెట్టని వస్తువు లేదు. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు, చచ్చిపోయిన నాయన మీద ఒట్టు, ఈనే గొర్రె పొట్ట మీద ఒట్టు. తెల్లారితే ఒట్టు, పొద్దువాలితే సీసా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం అంటారు, ఆయన గట్టు మీద ఒట్లు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. అట్లాంటి మొగుడితో పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన ఆడది వాసన పట్టడంలో కుక్కకి తీసిపోదు. గుమ్మంలో అడుగు పెట్టకముందే తెలిసిపోయేది. ముక్కు ఒక్కనాడూ మోసం చెయ్యలేదు ఆమెని. మొన్న తప్ప.

కామెర్లు వచ్చి, పొట్ట కుండలా లేచి, కాళ్లు వాచి, మార్కాపురంలో డాక్టరు లివరు మూడొంతులు పోయిందని చెప్పాక, పోయిన శివరాత్రినాడు ఆయన్ని గంగమ్మ రాయి దగ్గరికి నడిపించారు. శ్రీశైలం పోయే నడక జనం రోడ్డు మీద ఆగకుండా పోతూనే ఉన్నారు. గంగమ్మ రాయి అంటే గుడేం కాదు, గొర్రెల దొడ్ల వెనక నిలబడ్డ ఒక రాయి, పసుపు పూసి పూసి మెత్తబడిన రాయి. అక్కడ పెట్టే ఒట్టు వేరు. రెండు చేతులూ రాయి మీద ఆనించి, మళ్లీ ముట్టుకుంటే నా పేగు మెలికపడాల అని మూడుసార్లు అనాలి. పెట్టాలంటే ఎంత మొనగాడైనా వెనకాడతాడు. ఎందుకంటే పాపయ్య కథ ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. పాపయ్య ఆ రాయి మీద చేతులు పెట్టి ఒట్టేసి, ముప్ఫై రోజులు తిరక్కుండానే తాగి, కడుపు పట్టుకుని దొర్లి దొర్లి చచ్చిపోయాడు. ఏ జబ్బో ఏమో ఎవరికి తెలుసు, ఆసుపత్రికి తీసుకెళితే కదా తెలిసేది. అందరూ గంగమ్మ అన్నారు. బ్రహ్మం కూడా గంగమ్మ అన్నాడు. అందుకే ఆ రాయి మీద చేతులు ఆనించేటప్పుడు ఆయన చేతులు వణికాయి, ఆ వణుకు చూసి ఆమె మొదటిసారి నమ్మింది, ఈసారి మానతాడు అని.

మానేశాడు కూడా. అదే, అదే ఇప్పుడు గుండెల్లో కలుక్కుమంటోంది. ఎట్లా మానాడో కళ్లారా చూసింది కదా! సాయంత్రం ఆ వేళకి చేతులు ఖాళీగా ఉంటే వణుకుతున్నాయని, మూలపడి ఉన్న నాయన కదురు తీసి దుమ్ము దులిపి, దొడ్డి గోడకి ఆనుకుని ఉన్ని వడికేవాడు. ఏమీ చేతకాని ఆ వేళ్లు దారం తీసీ తీసీ, తెంపీ తెంపీ, వానలు పడే నాటికి సన్నగా తియ్యడం నేర్చాయి. మగ్గం ఎవరి దగ్గరుంది ఈ రోజుల్లో, ఆ ఉన్నితో ఏం చేస్తావు మామా అంటే, గొంగడి నేయించను, నిన్ను కట్టేస్తాను అనేవాడు. నవ్వేది. పదిహేను రోజులకొకసారి మార్కాపురం బస్సు. అక్కడ మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చితే సీసాల్లోకి పచ్చగా నీళ్లు, రెండు సీసాలు, మూడు, నాలుగు. వచ్చేటప్పుడు ఆయన తేలిగ్గా నడిచేవాడు, ఈనిన గొర్రె మాదిరి ఉండాను మే అనేవాడు. అక్కడి డాక్టరు ఒక సిరప్ ఇచ్చి ఆమెకే అప్పజెప్పాడు. చూడమ్మా, రోజుకి మూడుసార్లు విరేచనం కావాలి. కాకపోతే ఒంట్లో విషం తలకెక్కుతుంది. తాగినవాడి మాదిరి తూలుతాడు, మాట తడబడుతుంది, నోట్లోంచి ఒకరకం వాసన కూడా వస్తుంది. అట్లా కనపడితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురా. సరే సార్ అంది. తల ఊపింది. పదకొండు నెలలు ఒక్కపూట తప్పకుండా ఆ సిరప్ మూతతో కొలిచి పోసిన మనిషి, ఆ మాట మాత్రం ఎట్లా మరిచిపోయింది?

మరిచిపోలేదు. అవసరం వచ్చినప్పుడు గుర్తుకు రాలేదు, అంతే. అప్పటికే పద్దెనిమిదేళ్ల కోపం ముందుకొచ్చి నిలబడింది, దాని వెనక ఉన్నది ఏదీ కనపడలేదు. వరండా చివర ఎవరో ఫినాయిల్ పోసి తుడుస్తున్నారు, తడి గచ్చు మీద కిటికీ వెలుతురు పడి కదులుతోంది. ఒకామె టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టుకుని, తినకుండా కూర్చుని ఉంది. జొన్నసంగటి వాసన. రెండు నెలల నించీ బ్రహ్మం సంగటి సగం ముద్దే తినేవాడు. మూడు కబళాలకే కడుపు నిండిపోతాంది మే అనేవాడు. నా చేతి కూడు చేదయిందా, సారా లేకపోతే కూడు దిగదా అని ఆమె దెప్పేది. ఒకరోజు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఇక్కడ, ఇక్కడ చూడు, ఏందో ముద్ద మాదిరి కదలతాంది అన్నాడు. ఆమె సంగటి కలుపుతోంది, చేతులు పిండిగా ఉన్నాయి. సారా లేక ఏడస్తాందిలే నీ పొట్ట అని నవ్వింది. ఆయనా నవ్వాడు. చెయ్యి కడుక్కుని ఒక్కసారి పట్టి చూసి ఉంటే ఏం పోయేది? గొర్రె పొట్ట పట్టి చూసి లోపల ఎన్ని పిల్లలున్నాయో చెప్పగలదు, అడ్డం తిరిగిందో లేదో చెప్పగలదు. మొగుడి పొట్ట పట్టి చూడటానికి తీరిక లేకపోయింది. ఆ పొర అప్పటికే లోపల ఒక్కొక్క పేగునూ చుట్టుకుంటూ వస్తోంది.

సంత రోజు. ఆయన తమ్ముడు శ్రీహరి రెండు పొట్టేళ్లని ఆటోలో ఎక్కించుకుని యర్రగొండపాలెం పోతుంటే నేనూ వస్తానని ఆయనా ఎక్కాడు. పొద్దు వాలకముందే వచ్చేశారు. శ్రీహరి ఆయన్ని వాకిట్లో దించి తన ఇంటికి పోయాడు. ఆయన రెండు అడుగులు వేసి గుంజ పట్టుకున్నాడు, కాలు తేలిపోతోంది. ఏందయ్యా అంటే ఏదో అన్నాడు, నాలుక మడతపడింది. ఆమె దగ్గరికి పోయింది. వాసన. తియ్యగా, మగ్గి కుళ్లిన పండు వాసన. మరుక్షణం దొడ్డి మొదట్లో కూలబడి వాంతి చేసుకున్నాడు. ఇంక చూసేదేముంది? తెలిసింది, అంతా తెలిసింది, పద్దెనిమిదేళ్లుగా తెలిసిందే. లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇవ్వాల్సిన మనిషి, చెంబు ఎత్తి గోడకేసి కొట్టింది. ఎవరో చచ్చినట్టు అరిచింది. ఊరంతా ముగ్గురు నలుగురుగా వచ్చి చేరారు. నేను తాగలా మే, గంగమ్మ తోడు, తాగలా, అని ఆయన కూర్చున్న చోటినుంచే చెప్పాడు. ఆ గంగమ్మ మాట ఇంకా మండించింది ఆమెని. నీ నోట ఆ తల్లి పేరు రానియ్యొద్దు, అంది.

శ్రీహరిని ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ఈ పొద్దున డాక్టరు మాట విన్నాక అడిగింది. వదినా, అన్న నా పక్కనే ఉన్నాడు, టీ కూడా తాగలా, కడుపు పట్టుకుని సంతలో ఆటోలోనే పడుకున్నాడు, అన్నాడు వాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదురా నాయనా అంటే, నువ్వు నన్ను అడగలా కదా వదినా, మూడోనాటికి అన్నే ఒప్పుకుండె, ఒప్పుకున్నాక నేనేం మాట్లాడేది, అని తల దించుకుని రక్తం సీసాల కోసం కిందికి పోయాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. అడగని మనిషికి ఎవడు చెబుతాడు?

అవును, ఒప్పుకున్నాడు. ఆ పొద్దు ఆమె తలలోంచి పోవడం లేదు, కళ్లు మూసినా తెరిచినా అదే. రెండు రోజులు విరేచనం లేదు, పొట్ట రాయిలా బిగిసింది, నొప్పి వచ్చినప్పుడల్లా మనిషి రెండుగా మడిచినట్టు అయిపోతున్నాడు. ఆమె సిరప్ పోస్తూనే ఉంది, మూత బదులు గ్లాసుతో పోసింది, పోసింది పోసినట్టు కక్కుతున్నాడు. అత్త ఒకటే మాట, ఆసుపత్రి సూదికి లొంగేది కాదే ఇది, ఒట్టు తప్పినాడు, తల్లి పట్టుకుంది, తప్పు ఒప్పుకుంటేనే వదులుద్ది. ఆమె కూడా సరేనంది. నిజం చెప్పాలంటే అత్తకంటే ముందు ఆమె మనసే అనుకుంది. మూడోనాడు పొద్దున, మంచు ఇంకా విడవకముందు, ఆయన్ని రెండువైపులా పట్టుకుని రాయి దగ్గరికి నడిపించారు. తల మీద రెండు బిందెల చన్నీళ్లు పోశారు. నోట్లో పచ్చిగడ్డి పెట్టారు. గొడ్డులాగా గడ్డి కరిచి, నేను గొడ్డుకన్నా తక్కువోణ్ణి, తప్పు చేసినాను అని ఒప్పుకోవాలి, అది పద్ధతి. తాగినానని చెప్పయ్యా, అన్నారు. తాగలా, అన్నాడు. మళ్లీ అడిగారు. తాగలా, అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అప్పుడే నొప్పి వచ్చింది, రాయి మీదికే వంగిపోయాడు. అది చూసి జనం, చూసినారా, అబద్ధం ఆడంగానే మెలిపెట్టింది, అన్నారు. ఆయన తల ఎత్తి వాళ్లెవరినీ చూడలేదు, ఆమెను చూశాడు. గడ్డి మధ్యలోంచి అడిగాడు, చెబితే తగ్గుద్దా మే, అని.

తగ్గుద్ది, అంది ఆమె.

తాగినాను తల్లీ, అన్నాడు. యాడ తాగినావు అని ఎవరో అడిగారు. ఆయన మళ్లీ ఆమెవైపే చూశాడు. పాఠం రాని పిల్లవాడు పక్కవాడి పలకవైపు చూసే చూపు అది. ఆ చూపును అప్పుడు ఆమె చూసింది, అర్థం చేసుకోలేదు. సంతలో, అన్నాడు. ఎంత తాగినావు? శానా. శానా తాగినాను తల్లీ. అందరూ చేతులెత్తి దండం పెట్టారు. అత్త ఏడ్చింది. మరి ఆమె? దేవుడి ముందు అబద్ధం ఎందుకు, ఆమెకి హాయిగా అనిపించింది. గెలిచినట్టు అనిపించింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ మనిషి నోటితో నిజం చెప్పించాను అనుకుంది. ఇంటికి తీసుకొచ్చి తల తుడిచి, గొంగడి కప్పి, ముందే చెబితే ఇంత దూరం వచ్చేదా మామా అని మెత్తగా మందలించింది కూడా. ఆయన కళ్లు మూసుకుని, ఇంకా తగ్గలేదు మే, అన్నాడు. తగ్గుద్దిలే, తల్లికి కూడా టైం కావాల గదా, అంది. మర్నాడు పొద్దున పచ్చగా, చేదు వాసనతో కక్కినప్పుడు ఆమె తల్లికి టైం ఇవ్వలేదు. శ్రీహరి ఫోన్ చేసి అంబులెన్సు పిలిపించాడు, మార్కాపురంలో చూసి ఇక్కడ కాదన్నారు, మధ్యాహ్నానికి ఒంగోలు చేరారు. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. సంత నుంచి వచ్చిన సాయంత్రమే బయల్దేరి ఉంటే? అది డాక్టరుని అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. చెయ్యి కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు గానీ, కాలింది తన చెయ్యి అయితే ఎంత బాగుండేది.

గోడ మీద గడియారం పదకొండు కావస్తోంది. ఆయనకి తెలుసా తను తాగలేదని? ఇదొకటి కొత్తగా పొడిచింది ఆమెని. నవ్వొచ్చే ప్రశ్నే గానీ నవ్వు రాలేదు. విషం తలకెక్కి, ఏది కలో ఏది నిజమో తెలియకుండా ఉన్న మనిషి, ఊరంతా తాగావంటుంటే, పెళ్లాం తాగావంటుంటే, నేనే తాగినానేమో అనుకోడా? నిన్న సెలైన్లు ఎక్కిస్తున్నప్పుడు ఒకసారి కళ్లు తెరిచి, ఈసారి ముట్టుకోను మే, అన్నాడు. ఈసారి అన్నాడు. పదకొండు నెలలు కదురు పట్టుకుని పోరాడి గెలిచిన మనిషి, ఓడిపోయానని నమ్మి ఆ తలుపు లోపలికి పోతాడు. ఉన్న ఒక్క గెలుపునూ ఆయన చేతిలోంచి ఆమే గుంజుకుంది. చావు ఎవరి చేతిలోనూ లేదు. ఇది మాత్రం తన చేతిలో ఉంది. తిరిగి ఇవ్వాలి. ఇచ్చి పంపాలి.

"అత్తా," అంది. "ఆయన తాగలా."

సుబ్బరత్నమ్మ పసుపు నలపడం ఆపింది. "ఏందే నువ్వు అనేది? వాడే ఒప్పుకునె గదా!"

"ఆయన ఒప్పుకోలా అత్తా. మనం ఒప్పించినాం."

ముసలామె కాళ్లు బెంచీ మీంచి కిందికి దించింది. డాక్టరు చెప్పినదంతా ఇప్పుడు మెల్లగా లోపలికి దిగుతున్నట్టుంది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "అయితే చన్నీళ్లు ఎందుకు పోసినాం నాయనా వాడి నెత్తిన," అంది. ఎవరినీ కాదు, తన చేతుల్నే అడిగింది. మల్లేశ్వరి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపు ఇద్దరికీ వచ్చింది, ఒకళ్లని చూసి ఒకళ్లు ఆపుకున్నారు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నర్సు ఫెబీ ముందు, వార్డుబాయ్ వెనక, మధ్యలో చక్రాల మంచం. పక్కన నిన్న కింద చీటీ రాసుకున్న కుర్ర డాక్టరే, చేతిలో ఫైలు. బ్రహ్మం ముక్కులో గొట్టం, గుంటలు పడ్డ చెంపలు, దుప్పటి కింద ఎత్తుగా పొట్ట. మందులకి కళ్లు కొంచెం తేటపడ్డాయి, ఆమెను గుర్తుపట్టాయి. ఆమె లేచి మంచం పక్కనే నడిచింది. మామా, అంది. ఆయన చూశాడు. చక్రాలు ఆగడం లేదు, పది అడుగులు అయిపోయాయి, పన్నెండు, అత్త ఒకవైపు నుంచి నొసటన పసుపు పెడుతోంది, ఇంత చిన్న మాట, ఇంత చిన్న మాట నోట రావడం లేదేమే పాపిష్టిదానా అని తనని తనే తిట్టుకుంది. తలుపు వచ్చేసింది.

"ఒక్క నిమిషం సిస్టర్," అన్నాడు కుర్ర డాక్టరు ఫైలు తిప్పుతూ. "మత్తు డాక్టరుగారు అడుగుతున్నారు. నాలుగు రోజుల కింద తాగాడని రాసి ఉంది. ఎంత తాగాడమ్మా? సరిగ్గా చెప్పాలి, మత్తు దాన్నిబట్టే ఇస్తారు."

మంచం మీద నుంచి బ్రహ్మమే జవాబు చెప్పాడు. గొట్టం అడ్డం పడి గొంతు గీరగా వచ్చింది. "సంతలో సార్. శానా తాగినాను."

"లేదు సార్!" అని అరిచింది మల్లేశ్వరి. అరుపుకి ఫెబీ ఉలిక్కిపడింది. "అబద్ధం సార్ అది. ఆయన తాగలా. పోయిన శివరాత్రికి మానినాడు, ఆ నాటినుంచి ఈ నాటిదాకా చుక్క ముట్టలా. నిన్న నేను చెప్పిందే తప్పు. అది కొట్టేసి రాయండి సార్."

"ఆయనే అంటున్నాడు కదమ్మా..."

"ఆయన చేత నేను అనిపించినాను సార్. గడ్డి పెట్టి అనిపించినాను. ఆయన తమ్ముడు పక్కనే ఉన్నాడంట, వాణ్ణి అడగండి. రాయండి."

కుర్రవాడు ఆమె మొహం ఒకసారి చూసి, పెన్ను తీసి పాత గీతను కొట్టేసి, పైన ఏదో రాసి సంతకం పెట్టాడు. బ్రహ్మం కళ్లు ఆ పెన్ను వెంటే కదిలాయి. తర్వాత ఆమెవైపు తిరిగాయి. నిజమేనా అని అడిగినట్టు చూశాడు, ఆమె తల ఊపింది, ఊపుతూనే ఉంది. ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"రాసినాడా మే?"

"రాసినాడు మామా."

"ఇంగిలీషులో రాసింటాడు," అన్నాడు. ఊపిరి అందక ఆగి, మళ్లీ అన్నాడు. "తెలుగులో రాయమను. ఊళ్లో చదవాల."

ఫెబీ తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది, తొయ్యలేదు. కుర్ర డాక్టరు ఏమనుకున్నాడో, ఫైలు వెనకనుంచి ఒక తెల్లకాగితం లాగి, మోకాలి మీద పెట్టుకుని, అలవాటు తప్పిన చేతితో వంకర వంకరగా రాసి ఆమెకిచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుని చదివింది. బ్రహ్మం శివరాత్రి నుంచి తాగలేదు.

"ఇంకోసారి చదువు," అన్నాడు.

ఆమె మళ్లీ చదివింది, ఈసారి వరండా చివర నేల తుడిచే మనిషికి కూడా వినపడేలా.